మా గల్లీకి ఆరో పొర

రోడ్డు మీద రోడ్డు వేస్తున్నారని కాంట్రాక్టర్లను తిట్టిపోసేవాళ్లను చూస్తే నాకు జాలి వేస్తుంది. పాత రోడ్డును గీకి తీసేశాకే కొత్తది వేయాలట. ఇంటి గడప కన్నా రోడ్డు పైకి రాకూడదట. ఎంత కురచ ఆలోచన! భూమి ఏనాడైనా అలా పని చేసిందా?

నాలుగు వందల యాభై నాలుగు కోట్ల ఏళ్లుగా భూమి చేస్తున్నది ఒకటే. ఉన్న పొర మీద ఇంకో పొర పరుస్తుంది. కింద ఎవరున్నారో చూడదు. లేచి తప్పుకున్నారా అని అడగదు. గాలీ వానా అక్కడక్కడా గీకుతాయనుకోండి. దానికెవరూ టెండర్ పిలవరు.

సముద్రం అడుగున ఒక్క అంగుళం బురద పేరుకోవడానికి వేల ఏళ్లు పడుతుందని పుస్తకాల్లో రాశారు. మొన్న మా గల్లీలోకి అన్నాలు తినే వేళకు డాంబర్ లారీ వచ్చింది. చాయ్ తాగే వేళకు ఐదంగుళాల పొర పడిపోయింది. ఇప్పుడు చెప్పండి, ఎవరు ఎవరి దగ్గర పని నేర్చుకోవాలి?

పొరలు పడకపోతే మనకు భూపాలపల్లి బొగ్గు ఎక్కడిది? పాతిక కోట్ల ఏళ్లకు ముందు ఆకులూ కొమ్మలూ బురదలో పడితే, వాటి మీద పొర, దాని మీద పొర పడ్డాయి. "మా గడప మునిగిపోతోంది" అని ఆ చెట్లు అర్జీ పెట్టుకున్నాయా? పెట్టుకోలేదు కాబట్టే మనింట్లో ఫ్యాను తిరుగుతోంది. రేపు మా గల్లీ వాళ్లం కూడా ఎవరికో ఒకరికి ఫ్యాను తిప్పుతాం. కాస్త ఓపిక ఉండాలి.

హనుమకొండలో మా గల్లీ పొడవు నూట పది గజాలు. భూమి చరిత్ర తెలుసుకోవాలనుకునే పిల్లలను బస్సులెక్కించి ఎక్కడెక్కడికో తిప్పనక్కరలేదు, ఇక్కడికి తీసుకొస్తే చాలు. నల్లా పైపు పగిలి గుంత తవ్విన ప్రతిసారీ నేను వెళ్లి తొంగి చూస్తాను. అన్నిటికన్నా కింద ఎర్ర మొరం. అది నేను కొత్త కోడలిగా వచ్చిన కాలం. దాని మీద కంకర, ఆ మీద డాంబర్, ఆ మీద సిమెంటు, మళ్లీ డాంబర్, మళ్లీ డాంబర్. మొరాన్నీ, మొన్నటి పొరనూ వదిలేస్తే ఐదు పొరలు.

ప్రతి పొరకూ దాని శిలాజాలున్నాయి. కంకర పొరలో సోడా సీసా గోళీ దొరికింది. సిమెంటు పొరలో ఒక కుక్క నాలుగు అడుగులు వేసి, నచ్చక వెనక్కి తిరిగిపోయిన గుర్తుంది. నాలుగో పొరలో షాంపూ ప్యాకెట్లు. ఐదో పొరలో ఎవరో అభ్యర్థి ముఖమున్న కండువా. ఆయన గెలిచాడో ఓడాడో శిలాజం చెప్పదు. ముఖం మాత్రం నవ్వుతూనే ఉంది.

మొదట్లో పొరకూ పొరకూ మధ్య ఇరవై ఏళ్లు నడిచేవి. ఇప్పుడు ఎన్నికలకొకటి పడుతోంది. ఐదేళ్లకు ఐదంగుళాలు. అంటే ఏడాదికొక అంగుళం! జురాసిక్ కాలం వాళ్లు వింటే కుళ్లుకుంటారు.

జీవ పరిణామం కూడా మా దగ్గర కళ్లెదుటే జరిగింది. గల్లీ మధ్యలో ఒక బోరింగ్ ఉంది. ఒకప్పుడు దాని కింద ఇత్తడి బిందె పెట్టేవాళ్లం. మూడో పొర పడ్డాక బిందె పట్టలేదు, బిందెలు అంతరించి బకెట్లు వచ్చాయి. నాలుగో పొరకు బకెట్లు పోయి చెంబులు మిగిలాయి. ఐదో పొర తర్వాత అక్కడ నీళ్లు తాగగలిగింది కుక్కలే. పరిసరాలకు సరిపోయినదే బతుకుతుందంటే ఇదే మరి.

ఇవన్నీ నీకెలా తెలుసని అడుగుతారేమో. నేను కాలేజీ మొహం చూడలేదు. మా ఆయనకు కిరాణా కొట్టు ఉండేది. పొట్లాలు కట్టడానికి పాత పుస్తకాలు తూకానికి కొనేవారు. ఎవరో లెక్చరర్ బదిలీ మీద పోతూ వదిలేసిన భూగర్భ శాస్త్రం పుస్తకం ఒకసారి ఆ మూటలో వచ్చింది. దాన్ని పేజీ పేజీగా చింపి అందించడం నా పని. చింపే ముందు చదివేయడం నా దొంగ పని.

కానీ గిరాకీ వస్తే పేజీ పోతుంది కదా! అందుకే నేను నేర్చుకున్న చరిత్రలో మధ్యమధ్య ఖాళీలున్నాయి. చేపలు మెల్లగా ఒడ్డుకు పాకే డెవోనియన్ కాలం అరకిలో బెల్లంతో నెక్కొండకు వెళ్లిపోయింది. పాకిన చేప క్షేమంగా చేరిందో లేదో చాలా ఏళ్ల వరకు నాకు తెలియదు. పెర్మియన్ కాలం చివర సముద్రంలో ఉన్న జాతుల్లో పదింట తొమ్మిది పోయాయని చదివాను. మిగిలిన ఆ ఒక్కటీ ఎవరో తిరగేసి చూసేలోగా, మా ఆయన ఆ కాగితంలోనే రాజమల్లుకు ఎండు మిరపకాయలు కట్టిచ్చేశారు. నెల తిరిగాక రాజమల్లు మళ్లీ వస్తే ఆ కాగితం గురించి అడిగాను.

"ఏ కాయితం అక్కా? పొయ్యి అంటవెట్టిన గద," అన్నాడు.

తర్వాత లైబ్రరీలో కూర్చుని ఖాళీలు నింపుకున్నాననుకోండి. కానీ పేజీ సగంలో ఉండగా ఎవరైనా చెయ్యి చాపితే, ఇప్పటికీ పుస్తకాన్ని రెండు చేతులా పట్టేసుకుంటాను.

ఇక అసలు విషయానికొస్తాను. ఈ పొరల వల్ల అందరికన్నా ఎక్కువ లాభపడింది మా ఎదురింటి మొగిలమ్మ.

ఆమెది వ్యవసాయం చేసే ఇల్లు. నలభై మూడేళ్ల కిందట ఊరి నుంచి వచ్చి మా ఎదుట ఇల్లు కట్టుకున్నారు. మాది కొట్టున్న ఇల్లు కాబట్టి ఐదు మెట్లు పెట్టి కట్టారు. ఐదు పొరలకు నాలుగు మెట్లు మునిగి ఒకటి మిగిలింది. మొగిలమ్మ ఇంటికి మూడే మెట్లు. అవి మూడూ మునిగి, ఐదో పొరకల్లా రోడ్డు నుంచి ఇంట్లోకి ఒక మెట్టు దిగాల్సి వచ్చింది. ఎక్కే ఇల్లు దిగే ఇల్లయింది! మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఎక్కే బాధ తప్పించారా లేదా? బయటకు వచ్చేటప్పుడు ఎక్కాలి కదా అంటారా? మీతో వచ్చిన చిక్కే ఇది, ప్రతి దానిలోనూ తప్పులు వెతుకుతారు.

నాలుగో పొర పడ్డప్పుడు వాళ్లు ఇంట్లో మట్టి పోయించి, గచ్చు పైకి లేపి టైల్స్ వేయించారు. గచ్చు పైకి వచ్చింది గానీ కప్పు ఉన్నచోటే ఉంది. దాంతో ఫ్యాను కిందికి దిగినట్టయింది. మొగిలమ్మ కొడుకు భానుచందర్ ఆరడుగుల మనిషి. పదేళ్లుగా సొంతింట్లో దండం పెట్టుకునే వాడిలా వంగి తిరుగుతున్నాడు. మళ్లీ గచ్చు లేపితే ఆ ఇంట్లో పాకడమే.

ఈ ఏడు మార్చిలో ఆరో పొర వస్తోందని తెలిసింది. భానుచందర్ తల్లికి కచ్చితంగా చెప్పేశాడు. పాతది గీకి వేస్తే ఉంటాం, గీకకుండా వేస్తే వానాకాలంలో వీధంతా మనింట్లోనే ఉంటుంది, సుబేదారిలో ఫ్లాటు చూసుకుని పోదాం, అని.

ఆ సాయంత్రం మొగిలమ్మ చిక్కుడుకాయల చాట పట్టుకుని ఎప్పటిలాగే మా మెట్టు మీదకు వచ్చింది. నలభై మూడేళ్లుగా నాలుగు గంటలకు ఆమె ఏదో ఒకటి ఒల్చుకోవడానికి తెచ్చుకుంటుంది. చేతుల్లో పని లేకపోతే ఆమెకు మాట రాదు.

"వదినె, రెండో అంతస్తట," అన్నది ఈనెలు తీస్తూ. "కాలు వెడితె నేల ఉండదట. కింద మల్లొక సంసారం ఉంటదట."

"నువ్వు ఫికర్ చెయ్యకు. నేను మాట్లాడత గద," అన్నాను.

"ఎవలతోని? నీ రాళ్లతోనా?"

రోడ్డు పని చూసే సూపర్‌వైజర్ కుర్రవాడి పేరు శశాంక్. ఏప్రిల్ సగంలో టేపు పట్టుకుని గల్లీ కొలవడానికి వస్తే, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాను. పాతది గీకే మిషన్ ఎప్పుడొస్తుందని అడిగాను.

"వస్తదమ్మా. గీకుడు కూడ కాయితంల రాసే ఉన్నది," అన్నాడు.

"గల్లీ అంత గీకుతరా?"

"అంత అంటే... మిషన్ ఇంకోకాడ పనిల ఉన్నది. ఒక గంట కొరకు తెచ్చి ఫొటో మందం గీకి పంపిస్తం. ఆన్‌లైన్‌ల ఎక్కియ్యాలె గద. లొకేషన్ తోటి ఫొటో అడుగుతరు."

"ఫొటో మందం అంటే ఎంత బిడ్డా?"

"నాలుగు ఫీట్లు. గల్లీ మూలకు, ట్రాన్స్‌ఫార్మర్ కాడ."

నేను ఆ క్షణంలో చూపిన తెలివి గురించి మీరు జాగ్రత్తగా వినాలి. వేరే ఎవరైనా అయితే పోట్లాడేవారు, పేపరు వాళ్లను పిలిచేవారు. నేను అలాంటి చిల్లర మనిషిని కాదు. కోట్ల ఏళ్ల లెక్కలు చదివినదాన్ని.

"ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇల్లున్నదా, వాకిలున్నదా? గా నాలుగు ఫీట్లేదో మొగిలమ్మ వాకిట్ల గీకు. ఆమె గడపన్న బయటవడతది," అన్నాను.

కుర్రవాడు టేపు చుట్టేశాడు. "నాకు ఏడ గీకినా ఒకటేనమ్మా. మీరు పెద్దోళ్లు, చెప్పినంక కాదంటనా."

మాట నిలబెట్టుకున్నాడు. వారం తిరగకుండా మిషన్ వచ్చింది. మొగిలమ్మ వాకిలి ఎదుట నాలుగడుగుల పొడవున, గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు కాదు గానీ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, శుభ్రంగా గీకింది. ఐదో పొర పోయింది, నాలుగోది పోయింది, సిమెంటు కనబడింది. శశాంక్ పక్కన నిలబడి ఫొటో దిగాడు. మిషన్ వెళ్లిపోయింది. రెండు పొరల కింద కుక్క వేసిన అడుగులు మళ్లీ ఎండ చూశాయి.

అన్నిటికన్నా ముఖ్యంగా, మొగిలమ్మ గడప రోడ్డు కన్నా పైకి వచ్చింది. నాలుగు వేళ్లెత్తు. ఆమె బయటకు వచ్చి, గడప మీద నిలబడి, నడుము మీద చేతులు పెట్టుకుని గల్లీని అటూ ఇటూ చూసింది. చాలా ఏళ్లుగా ఆమె గల్లీని పైనుంచి చూడలేదు. శుక్రవారం కాకపోయినా గడప కడిగి పసుపు రాసింది.

"వదినె, నీ నోట్లెకెళ్లి మాట వస్తె పని అయితదని నాకెరుకనే," అన్నది. భానుచందర్ కూడా ఫ్లాటు ఓనరుకు ఇంకా కొన్నాళ్లు చూస్తామని చెప్పాడు.

నేను ఆ నెలన్నర రోజులూ గల్లీలో ఎలా నడిచానో మీరు చూడాల్సింది. ఆరో పొర వేయడానికి డాంబర్ రావడం ఆలస్యమైంది. ఆలస్యమైతే మాకేం? మా పని అయిపోయింది కదా.

జూన్ రెండో వారంలో వాన పడింది.

ఇప్పుడు కొంచెం శాస్త్రం చెప్పాలి. గల్లీకి ఆ చివర నుంచి ఈ చివర వరకు రోడ్డు ఎత్తు. మొగిలమ్మ వాకిట్లో నాలుగడుగులు మాత్రం పల్లం. నూట పది గజాల గల్లీలో పడ్డ నీళ్లకు ఆగడానికి ఆ ఒక్క చోటే దొరికింది. వచ్చాయి. అటు నుంచీ వచ్చాయి, ఇటు నుంచీ వచ్చాయి. డ్రైనేజీ నీళ్లు కూడా తోడు కలిశాయి. గడప నాలుగు వేళ్లెత్తని చెప్పాను కదా. అరగంటలో అది మునిగింది.

అంతకు ముందు ఏళ్లలో ఆ ఇంట్లోకి మడమల దాకా నీళ్లు వచ్చేవి. నా తెలివి పుణ్యమా అని ఈసారి మోకాళ్లు దాటాయి.

సముద్రంలో పుట్టిన ప్రాణి నేల మీదికి రావడానికి మూడు వందల కోట్ల ఏళ్లకు పైనే పట్టింది. నేల మీద ఉన్న ప్రాణిని నీళ్లలోకి పంపడానికి నాకు నెలన్నర చాలింది!

భానుచందర్ బియ్యం బస్తాలను మంచం మీదికి ఎక్కించాడు. మంచం కింద ఇటుకలు పెట్టాడు. మొగిలమ్మ ఆ మంచం మీద బస్తాల పక్కన, కాళ్లు పైకి పెట్టుకుని, చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చాటలో ఏమీ లేదు. నేను చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని వాకిట్లో నిలబడి శశాంక్‌కు ఫోన్ చేశాను.

"ఈడ ఎందుకు గీకినవయా? గల్లీ నీళ్లన్ని ఈడనే ఆగినయి," అన్నాను.

"మీరే గదమ్మా గీకుమన్నది," అన్నాడు పాపం, మర్యాదగానే.

ఫోన్ స్పీకర్‌లో ఉంది. నాకు ఒక చెవి సరిగ్గా వినబడదు కాబట్టి ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. మంచం మీద మొగిలమ్మ విన్నది. భానుచందర్ విన్నాడు. తల్లి వైపు ఒకసారి చూసి, ఫ్లాటు ఓనరు నంబరు వెతికాడు.

ఆదివారం ట్రాలీ ఆటో వచ్చింది. బీరువా, గ్రైండర్, తులసి కుండీ, బియ్యం బస్తాలు ఎక్కాయి. నేను డబ్బా నిండా సకినాలు చేసి ఇచ్చాను. "అత్తమ్మా, సుబేదారి ఎంత దూరం, ఆటో ఎక్కితె పది నిమిషాలు. నువ్వే రావచ్చు," అన్నాడు భానుచందర్. వాడు మంచివాడే. వంగి వంగి తిరిగిన ఆ నడుము నిటారుగా కావడానికి కొన్నాళ్లు పడుతుంది.

మొగిలమ్మ డ్రైవరు పక్కన కూర్చుంది. పోతున్నవాళ్లు పోయొస్తననాలి, మనం మంచిగ పోయిరమ్మనాలి. నేను ఆమె మాట కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. పోయొస్తననలేదు. పోతననీ అనలేదు. నా చెయ్యి మీద చెయ్యి వేసి, తిట్టినట్టు కాదు, చిక్కుడుకాయలో పురుగు కనబడితే చూపించినట్టు అన్నది.

"కోట్ల ఏండ్లు సదివినవు వదినె. ఒక్క వానకాలం సదువకపోతివి."

ఆమె వెళ్లిన పదిరోజులకు, అంటే మొన్న, ఆరో పొర పడింది. ఆ నాలుగడుగుల పల్లాన్ని ముందు నింపి, దాని మీద నుంచి నున్నగా లాక్కుపోయారు. గల్లీ అద్దంలా ఉంది. కుక్క అడుగులు కిందికి పోయాయి. మొగిలమ్మ తలుపు కింది సగం కూడా పోయినట్టే. కుర్రవాళ్లు బైకులు నిలపడానికి ఆ ఖాళీ బాగుందంటున్నారు. చూశారా, మళ్లీ లాభమే.

నేను రెండుసార్లు సుబేదారి వెళ్లాను. ఆ బిల్డింగ్‌లో లిఫ్ట్ ఉంది. తలుపులు మూసుకుంటుంటే నాకు ఊపిరాడలేదు, బయటికి వచ్చేశాను. కొడుకు తోడు లేనిదే మొగిలమ్మ కూడా దాన్లో కాలు పెట్టదు. మెట్లు నలభై నాలుగు. మొగిలమ్మ మోకాళ్లు దిగనివ్వవు, నా గుండె ఎక్కనివ్వదు. కాబట్టి ఆమె బాల్కనీలో నిలబడింది, నేను రోడ్డు మీద నిలబడ్డాను.

"ఏం కూర?" అన్నాను మెడ పైకెత్తి.

"ఆఁ?"

"కూర. ఏం వండినవ్?"

"బీరకాయ," అని మొదటి అంతస్తు బాల్కనీలో నుంచి ఎవరో అమ్మాయి చెప్పింది. "ఆంటీ వాళ్లది బీరకాయ. మాది పప్పు."

వాచ్‌మన్ వచ్చి, "అమ్మా, జర పక్కకు జరుగు, కారు వస్తాంది," అన్నాడు. జరిగాను. ఆ తర్వాత నేను అడగాలనుకున్నది బీరకాయ గురించి కాదు. ఆ మాట అరిచి అడిగేది కాదు. ఫోన్‌లో అడగొచ్చుగా అంటారు. ఫోన్‌లో మొగిలమ్మ "ఆఁ", "ఊఁ" అంటుంది, అంతే. ఆమె చేతుల్లో చాట ఉండాలి, ఎదుట నేనుండాలి.

కాబట్టి ఇంటికొచ్చి కాగితం తీసి లెక్క వేశాను. సుబేదారిలో వాళ్ల వీధిలోనూ రోడ్డు మీదే రోడ్డు వేస్తున్నారని చూసి వచ్చాను, సంతోషం. రెండో అంతస్తు బాల్కనీ ఇరవై అడుగుల ఎత్తు. మొగిలమ్మ కాస్త వంగి, నేను కాస్త చెయ్యెత్తితే ఐదడుగులు తగ్గించుకోవచ్చు. మిగిలింది పదిహేను. ఏడాదికి అంగుళం చొప్పున నూట ఎనభై ఏళ్లు. రాళ్ల లెక్కలో అది కన్నుమూసి తెరిచినంత కూడా కాదు. నాకిప్పుడు డెబ్బై నాలుగు.

అందుకని సంబంధిత అధికారులందరికీ, కాంట్రాక్టర్లకూ నా మనవి. గీకవలసిన రోజుల్లో మీరు గీకలేదు. దయచేసి ఇప్పుడు మొదలుపెట్టకండి. పొర మీద పొర వేస్తూనే పోండి. వీలైతే కొంచెం మందంగా వేయండి.